ఉత్తరపు కిటికీ

కిటికీలోంచి సరస్సు పక్కకు జరిగిపోయింది. కదిలింది ఇల్లని నాకు తెలుసు. అయినా మూడేళ్ళకు పైగా ఈ బల్ల దగ్గర రొట్టెపిండి పిసుకుతూ చూసిన నీళ్ళు, నీళ్ళ మీద మంచు, అవతల గీత గీసినట్టున్న గట్టు అన్నీ ఎడమ అంచులోకి వెళ్ళిపోతుంటే నా చేతులు బల్లను పట్టుకున్నాయి. సరస్సు పోయి గుర్రాల పాక వచ్చింది. పాక పోయి బావి వచ్చింది, బావి పక్కన నిన్నటిదాకా కట్టెలు పేర్చిన చోటు. ఆ తర్వాత దిబ్బ వచ్చింది. దిబ్బ మీద మంచులోంచి కంచె కొసలు, పక్కన పోయిన వారం నా భర్త జేబెజ్ పాతిన గుంజ. ఎల్సీ, అన్నాను. పైకే అన్నానో, లోపలే అనుకున్నానో. ఎల్సీని పాతిపెట్టిన చోటు ఇంటికి ఉత్తరాన ఉంది, ఈ కిటికీ దక్షిణానికి ఉండేది, కాబట్టి వంటింట్లో నిలబడి నా కూతురున్న చోటును నేను ఎన్నడూ చూడలేదు. తలుపు తీసుకుని, ఇల్లు చుట్టి, గాలికి ఎదురు నడిస్తేనే కనిపించేది. ఇవాళ ఇల్లే తిరిగి చూపించింది. చూపించి ఆగింది. బయట గొలుసులు సర్దుతున్నారు. పొయ్యి మీద బఠాణీ సూపు ఒక అంచుకు ఒరిగి, మళ్ళీ సమంగా నిలిచింది.

సూపు ఎందుకంటే ఈ దేశంలో ఇల్లు జరిపేటప్పుడు పొయ్యి ఆర్పరు. ఇంటి ఆడమనిషి లోపలే ఉంటుంది, వండుతుంది, ఇల్లు దిగిన చోట గుర్రాలు తోలినవాళ్ళు అదే ఇంట్లో కూర్చుని తింటారు. పక్క పొలంలో ఉండే గుడ్రున్ టాంగెన్ ఈ సంగతి చెప్పినప్పుడు నన్ను ఆటపట్టిస్తోంది అనుకున్నాను, ఇంగ్లీషువాళ్ళను ఆటపట్టించడం ఇక్కడ చలికాలపు కాలక్షేపం. కుడివైపు కూర్చోవాలని తెలియక ఆవుకు ఎడమవైపు కూర్చుని పాలు పితకబోయానని మొదటి ఏడాదంతా నవ్వారు. కానీ గుడ్రున్ నవ్వలేదు. "పొయ్యి ఆరితే అది ఇల్లు కాదే అమ్మాయీ, కలప. కలపని లాక్కెళ్ళడానికి మా ఆయన తన గుర్రాల్ని గడ్డకట్టిన సరస్సు మీదకి తోలడు," అంది. ఇంకో మాట కూడా అంది. ఇంటి కింద దూర్చిన దూలం విరిగే ముందు చప్పుడు చేస్తుంది, ఆ చప్పుడు బయట గుర్రాల మధ్య ఉన్న మగవాడికి వినబడదు, లోపల ఉన్నదానికే వినబడుతుంది. వింటే గరిటెతో గోడ మీద కొట్టాలి. తలుపు మూయకూడదు, ఎందుకంటే చట్రం మెలిపడితే తలుపు బిగుసుకుపోతుంది, మంచు విరిగితే దూకడానికి దారి ఉండదు. అందుకని గుడ్రున్ మొగుడు టాంగెన్ పొద్దున్నే వచ్చి తలుపును బార్లా తెరిచి తాడుతో గోడకు కట్టేశాడు. పొయ్యి వైపు ఉన్న చెంప కాలుతోంది, తలుపు వైపు ఉన్న చెంప గడ్డకడుతోంది.

ఇల్లు కదిలింది. ఈసారి తిరగలేదు, సాగింది. ఇంటి కింద జేబెజ్, టాంగెన్ కలిసి దూర్చిన రెండు దూలాలు మంచు మీద రాపాడుతున్న చప్పుడు పాదాల్లోంచి పైకి వచ్చింది. లివర్‌పూల్‌లో ఓడ రేవు వదిలినప్పుడు కూడా చప్పుడు పాదాల్లోంచే వచ్చింది. అప్పుడూ నేను వెనక్కే చూస్తూ నిలబడ్డాను. మా అమ్మ రేవుకు రాలేదు, మిల్లులో సెలవివ్వలేదు, ఆ పొద్దు నా మగ్గాలు కూడా ఆవిడే నడిపి ఉంటుంది. మా ఊరు బర్న్లీలో మా వీధికి ఆ చివరా ఈ చివరా గోడే, ఆకాశం అంటే రెండు కప్పుల మధ్య ఉన్నంత. ఇక్కడ రైలు దిగిన రోజు బండి మీద కూర్చుని నేను తల వంచుకునే వచ్చాను. జేబెజ్ ఏమైందని అడిగాడు. మీద పడుతుందేమోనని, అన్నాను. ఏది, అన్నాడు. చెయ్యి పైకెత్తి చూపించాను. అతనూ తల ఎత్తి చూశాడు. అప్పట్లో అతను మాట్లాడేవాడు.

ఆ వసంతంలో సరస్సు పొంగి దారి మునిగింది, మేము చుట్టు తిరిగి వచ్చాం. భూమి కొలతకు గుర్తుగా ప్రభుత్వం వాళ్ళు పాతిన ఇనప కడ్డీ గట్టు మీద దొరికింది. అక్కడి నుంచి ఇక్కడివాళ్ళు కొలిచినట్టే కొలిచాం. బండి చక్రం ఆకుకు ఎర్ర గుడ్డ కట్టి, గుడ్డ పైకి వచ్చినప్పుడల్లా లెక్కపెట్టుకుంటూ, ఇన్ని తిరుగుళ్ళకు ఒక మైలు అని. జేబెజ్ తోలాడు, నేను లెక్కపెట్టాను, లెక్క ఒక్కటి కూడా తప్పలేదు. కడ్డీయే వేరే. దక్షిణపు గట్టున అలాంటిదే ఇంకో కడ్డీ ఉంది, మొదలుపెట్టాల్సింది దాని దగ్గర. మూడేళ్ళు వేరేవాళ్ళ నేల దున్నాం, వేరేవాళ్ళ నేలలో బావి తవ్వాం, ఇల్లు కట్టాం, ఎల్సీని కన్నాం. ప్రభుత్వం పెట్టిన గడువు మూడేళ్ళు నిండాక పట్టా కోసం అర్జీ పెడితే కొలతల మనిషి వచ్చి, పటం విప్పి, సరస్సు వైపు చూసి, పటం వైపు చూసి, టోపీ తీశాడు. మీ భూమి అవతల ఉందమ్మా, అన్నాడు. ఊళ్ళో ఈ మాట ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇంగ్లీషోడు చెరువు దాటడం మర్చిపోయాడు అని.

ఈ నేల కొనుక్కున్న మెక్‌ఫీ వేసవిలో వచ్చాడు. మంచి మనిషి. ఇల్లు మీరు కట్టుకున్నది, తీసుకెళ్ళండి, చలికాలంలో సరస్సు గడ్డకట్టాక నా గుర్రాలు కూడా ఇస్తాను, అన్నాడు. దిబ్బ దాకా నడిచి, కంచె చూసి, తిరిగివచ్చి, "దాని చుట్టూ దున్నుతాను. నా కొడుకులకీ చెప్తాను," అన్నాడు. అంతకు మించి ఒక మనిషి ఏం చేస్తాడు. కానీ చుట్టూ దున్నినంత మాత్రాన నేను చూడగలనా? సరస్సు కరిగి ఉన్న రోజుల్లో ఇటు రావాలంటే బండి మీద ఒక పగలు పడుతుంది. పాలు పితికి, కోళ్ళను వదిలి, రొట్టె కాల్చే ఆడది ఏడాదికి ఎన్ని పగళ్ళు తీయగలదు? తవ్వి తీసుకెళ్దామా అని జేబెజ్‌ని అడిగాను. ముందే అడగాల్సింది, కోతల ముందే, నేల మెత్తగా ఉన్నప్పుడే, కానీ ఆ మాట నోట్లోకి రావడానికి చలికాలం దాకా పట్టింది. అప్పటికి నేల ఇనుములా అయింది. జేబెజ్ తినడం ఆపాడు. చెమ్చా బల్ల మీద పెట్టాడు, టోపీ తీసుకున్నాడు, బయటికి వెళ్ళిపోయాడు. ఎల్సీ పోయినప్పటి నుంచి ఆ పేరు అతని నోట రాలేదు. గడ్డికోతలప్పుడు పుట్టింది, మొదటి మంచు పడకముందే పోయింది, పెట్టె అతనే చేశాడు, కొత్త పొయ్యి చుట్టూ కట్టి వచ్చిన చెక్కలతో. బాగా చిత్రిక పట్టిన చెక్క, ఎక్కడా ముల్లు లేదు, చెయ్యి పెట్టి చూశాను. ఆ తర్వాత అతనికి నాతో చెప్పడానికి గుర్రాల సంగతి, వాతావరణం, విత్తనాలు మిగిలాయి.

ఈ చలికాలమంతా పొద్దు పొడవకముందే లేచి అవతలికి వెళ్ళేవాడు. కొత్త చోట నేలమాళిగ గుంట తవ్వాలి అనేవాడు. గడ్డకట్టిన నేలను నిప్పు వేసి మెత్తబరిచి తవ్వాలి, నిజమే, కానీ దానికి చీకట్లో బయలుదేరడం ఎందుకు, అతని మీసం మీద ఊపిరి గడ్డకట్టి వేలాడేంత చలిలో? ఎంత చలి ఉంటే అంత ముందుగా వెళ్ళేవాడు. నాతో ఒకే గదిలో ఉండలేకపోతున్నాడు అనుకున్నాను. వారం కిందట నది లోయలోంచి ఒక గుంజ మోసుకొచ్చాడు, ఇంటికంటే ఎత్తుంది. కొసకు పంది కొవ్వు డబ్బా మూత కొట్టి, కంచె పక్కన నేలను కాల్చి, తవ్వి, పాతాడు. మెక్‌ఫీ చూసి నవ్వాడు. "నాగలి తిప్పుకోవడానికి గుర్తా? నేనేం గుడ్డివాడినా జేబెజ్?" జేబెజ్ గుంజ కదలకుండా మొదలు దగ్గర రాళ్ళు దట్టిస్తూ ఉన్నాడు.

రాపిడి చప్పుడు మారింది. బరకగా ఉన్నది నున్నగా అయింది, లోతుగా అయింది. సరస్సు మీదకు వచ్చాం. గరిటె చేతిలో పట్టుకుని ముందు గది కిటికీ దగ్గరికి వెళ్ళాను. గుర్రాలు జతలు జతలుగా, ఒకదాని ముందొకటి, అంత దూరం సాగి ఉన్నాయి, వాటి ఊపిరి మీద సూర్యుడు పడి దాని వెనక ఏమీ కనిపించడం లేదు. చుట్టుపక్కల ఉన్న గుర్రాలన్నీ వచ్చాయి. మా విత్తనాల తీరు చూసి నవ్వినవాళ్ళవి, పేరు తప్పు పలికేవాళ్ళవి, చర్చిలో మా వెనక వరసలో కూర్చునేవాళ్ళవి. వాళ్ళు నడుస్తూ మాట్లాడుకుంటున్నారు. ఆ మాటలు అద్దంలోంచి నాకు తెలుస్తాయని వాళ్ళకు తెలియదు. మగ్గాల గదిలో మాట వినబడదు. అక్కడ పెరిగిన ఆడపిల్లలు చెవులతో కాదు, ఎదుటివాళ్ళ పెదాలు చూసి కళ్ళతో వింటారు, నోరు పెద్దగా తెరిచి, ఊపిరి వాడకుండా మాట్లాడతారు. మగ్గాలు బాగుచేసే జేబెజ్ నన్ను పెళ్ళి అడిగింది కూడా అలాగే, నాలుగు వరసల అవతల నుంచి, చేతిలో రెంచీతో. నేను అలాగే సరేనన్నాను. గదిలో ఉన్న ఆడవాళ్ళందరూ చదివేశారు. ఇప్పుడు అద్దంలో ఒకతను పక్కవాడితో అంటున్నాడు, "ఇంగ్లీషామె టీ కాస్తోందేమో లోపల." పక్కవాడు అన్నాడు, "కాస్తే కాయనీ. ఇల్లు మునిగితే టీ మనమే తాగాలిరా, చేపలకి అలవాటు లేదు."

వెనక కిటికీలో గట్టు దూరమవుతోంది. ఇల్లు నిలిపిన చోట నల్లగా చదరం ఒకటి మిగిలింది. నేల మా ఇల్లు ఎంతుందో అంతే, చిన్నది. అందులోనేనా మేము నాలుగు చలికాలాలు బతికాం, అందులోనేనా నాకు నొప్పులు వచ్చాయి, గుడ్రున్ గడ్డికోత వదిలి నడిచొచ్చింది? చదరం పైన దిబ్బ, కంచె, గుంజ. చుట్టూ తెలుపు. ఎటు చూసినా కంటికి తగిలేది ఇంకేమీ లేదు. భూమి అంటే ఇంత ఉందని బర్న్లీలో ఎవరికీ తెలియదు, చెప్పినా నమ్మరు, చెప్పడానికి నాకూ రాదు. మా మొదటి చలికాలంలో ఒక పొద్దున బావి దగ్గరికి వెళ్ళి బకెట్టు వదిలేసి పరుగెత్తుకొచ్చాను. పన్నెండు మైళ్ళ అవతల ఉన్న ఊరు, ఎన్నడూ ఇక్కడికి కనిపించని ఊరు, ఆకాశంలో నిలబడి ఉంది. ధాన్యం గిడ్డంగి, చర్చి శిఖరం, రైలు నీళ్ళ తొట్టి, అన్నీ. ఆ గిడ్డంగి మీద ఇంకో గిడ్డంగి తలకిందులుగా. దేవుడి తీర్పు రోజు వచ్చిందనుకున్నాను. గుడ్రున్ ఆ పూట మా ఇంట్లోనే ఉంది, బట్టలు ఆరేస్తోంది, గడ్డకట్టిన చొక్కాను పలకలా పట్టుకుని ఒకసారి అటు చూసింది. "ఊరు లేచిందా. చలి బాగా పడితే లేస్తుంది. గాలొస్తే మళ్ళీ పడుకుంటుంది," అని ఇంకో చొక్కా తీసింది. అది చలికాలపు ఎండమావట, ఆ తర్వాత చాలాసార్లు చూశాను. ప్రతిసారీ పని ఆపాను.

అప్పుడు చప్పుడు వచ్చింది. దూలం కాదు. ఇంటి కింద ఎక్కడో పుట్టి, సరస్సు అంతటా పరిగెత్తి, అవతలి గట్టుకు కొట్టుకుని తిరిగివచ్చింది. గరిటెతో గోడ మీద కొట్టాను. కొట్టకముందే టాంగెన్ చెయ్యెత్తాడు. అన్నీ ఆగాయి. గుర్రం ఒకటి తల విదిలిస్తే గంట మోగింది, ఎవరో దాని మూతి పట్టుకున్నారు. టాంగెన్ తలుపు దగ్గరికి వచ్చాడు, అడుగులు పెట్టే తీరు చూస్తే కింద మంచు పలచనని తెలిసింది. ఈ సరస్సులో నీళ్ళు ఉప్పు, అడుగున ఊటలున్నాయి, ఊట ఉన్న చోట మంచు పలచన, ఊట ప్రతి ఏడూ ఒకే చోట ఉండదు.

"గుర్రాల్ని విప్పి ముందుకి తీసుకెళ్తాం అమ్మా. గొలుసులు పొడుగు చేసి, మందంగా ఉన్న చోట నిలబెట్టి, ఒక్క ఊపున లాగుతాం. అంతదాకా దిగి నడుస్తావా?"

"నా బరువు తేడా వస్తుందా?"

అతను నన్ను చూశాడు, పొయ్యి మీద కుండను చూశాడు. "నీ సూపుకుండే ఎక్కువ తూగుతుంది."

"అయితే ఉంటాను. దిగితే పొయ్యి ఎవరు చూస్తారు?"

"గుడ్రున్‌తో తిరిగి తిరిగి చెడిపోయావు," అని వెళ్ళాడు. జేబెజ్ అతని వెనక నిలబడి ఉన్నాడు. దిగమంటాడేమో అనుకున్నాను. తలుపు కట్టిన తాడు ముడిని లాగి చూశాడు, ఇంకో ముడి వేశాడు, వెళ్ళాడు.

గొలుసులు పొడుగు చేస్తున్నంతసేపూ నేను నేల మీద కూర్చున్నాను, అరచెయ్యి చెక్కకు ఆనించి. కింద మంచు మాట్లాడుతోంది. మూలుగు, తర్వాత తాడు తెగినట్టు ఒక దెబ్బ, తర్వాత ఎక్కడో దూరంగా దానికి జవాబు. దాని కింద నీళ్ళు, నీళ్ళ కింద ఊట, దాని కింద ఏముందో. భయపడాలి. భయం ఉంది కూడా. కానీ అంతకంటే ఎక్కువగా ఇంకోటి ఉంది, దానికి పేరు తెలియదు, చిన్నప్పుడు మిల్లులో ఆవిరియంత్రం ఉన్న గది తలుపు మొదటిసారి తీసినప్పుడు కలిగింది. ఆ చక్రం తిరుగుతుంటే మూడంతస్తుల్లో వందల మగ్గాలు ఆడుతున్నాయని తెలిసిన క్షణం అది. నా ఇల్లు, నా పొయ్యి, నా కూతుర్ని ఊపిన చెక్క తొట్టి, గోడకు మేకు మీద వేలాడే నా టోపీ, ఇవన్నీ నీళ్ళ మీద పరుచుకున్న ఒక అద్దం మీద ఉన్నాయి, చుట్టూ ఎటు చూసినా నేల చివర ఆకాశమే, అయినా ఇంత చప్పుడుకు ఇంత పెద్ద ఆకాశంలో ఒక్కటీ కదల్లేదు. పొగగొట్టంలోంచి మా పొగ నిటారుగా పోతోందని ఎదుటి మంచు మీద నీడ చూస్తే తెలిసింది. తొట్టి కదిలింది. దానంతట అది, ఒకసారి అటు, ఒకసారి ఇటు. చెయ్యి పెట్టి ఆపలేదు. ఆగేదాకా చూశాను.

ఒక్క ఊపు. నేను వెనక్కి పడ్డాను, కుండ మూత దొర్లిపోయింది, మంచు మళ్ళీ అరిచింది, ఈసారి మా వెనక. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళేసరికి మేము దాటిన చోట నీళ్ళు పైకి వచ్చి మంచు మీద పరుచుకుంటున్నాయి, సూర్యుడు అందులో ఉన్నాడు. బయట మగవాళ్ళు టోపీలు ఊపుతున్నారు. ఇల్లు ఆగలేదు.

తర్వాత వెనక ఉన్నవి ఒక్కొక్కటిగా పోయాయి. ముందు నల్ల చదరం. తర్వాత కంచె కొసలు, వాటిని నేను చూస్తున్నానో గుర్తు చేసుకుంటున్నానో తెలియని దశ ఒకటి వచ్చింది, ఆ తర్వాత అదీ పోయింది. దూరమయ్యేకొద్దీ దిబ్బ సరస్సు అంచు వెనక్కి దిగిపోతోంది. చివరికి గుంజ మిగిలింది, గుంజ కొసన మూత ఒకసారి మెరిసింది. దూలాలు దక్షిణపు గట్టెక్కాయి, ఇల్లు వెనక్కి వాలి, సమంగా అయి, ఇంకో మైలు సాగింది. మళ్ళీ చూస్తే తెలుపు తప్ప ఏమీ లేదు. అద్దం మీద నా ఊపిరి పేరుకుంది, తుడిచాను, మళ్ళీ చూశాను. ఆవిణ్ణి, నా ఎల్సీని, అక్కడ వదిలి వచ్చాం. ఆవిడ. ఇప్పుడు బతికుంటే నడిచేది, ఎప్పుడు నేను ఆ పిల్లను ఆవిడ అనుకోవడం మొదలుపెట్టాను? సూపులో కాస్త ఉప్పు వేశాను. రుచి చూడలేదు.

ఆగాం. కొత్త చోట గుంట చుట్టూ తవ్విపోసిన మట్టి నల్లగా ఉంది, మిగతాదంతా పాతచోటులాగే ఉంది, ఎవరైనా మమ్మల్ని మోసం చేసి తిరిగి అక్కడికే తెచ్చారా అన్నట్టు. టాంగెన్ గొలుసు భుజాన వేసుకుని ఇంటి వెనక్కి, వంటింటి కిటికీ వైపుకు వచ్చాడు. ఇల్లు తిప్పాలి. వంటింటి కిటికీ దక్షిణానికి ఉండాలి, చలికాలంలో ఎండ వస్తుంది, గాలి తగలదు. ఈ దేశంలో ఎవరింట్లోనైనా అంతే, వచ్చిన మొదటి వారంలోనే నేర్చుకునే సంగతి. జేబెజ్ అతని వెనకే వచ్చాడు. ఏదో అన్నాడు, నాకు వీపే కనిపించింది. టాంగెన్ గొలుసు దించాడు. అతని పెదాలు కనిపించాయి.

"ఉత్తరానికా? తిప్పొద్దా? ఏమయ్యా ఇంగ్లీషోడా, ఉత్తరం గాలిని రోజూ టీకి పిలుస్తావా?"

జేబెజ్ తల ఊపాడు.

"మీ ఆవిడ వేళ్ళు పిండిలోనే గడ్డకడతాయి. ఆవిణ్ణి అడిగావా?"

జేబెజ్ ఇంటి వైపు తిరిగాడు. అద్దంలోంచి నన్ను చూశాడు. మా మధ్య ఉన్నది నాలుగు వరసల మగ్గాలంత దూరమే. చేతితొడుగు తీసి మీసం మీది మంచు తుడుచుకున్నాడు, పెదాలు కనిపించేలా. నోరు పెద్దగా తెరిచాడు, మిల్లులో తెరిచినట్టు. ఊపిరి రాలేదు, ఆవిరి రాలేదు, మాట మాత్రం వచ్చింది. ఎల్సీ, అన్నాడు. మళ్ళీ అన్నాడు, ఎల్సీ. తర్వాత చెయ్యి ఉత్తరానికి చాపి, అరచెయ్యిని మెల్లగా పైకెత్తాడు. లేస్తుంది. చలి బాగా పడిన పొద్దున. దిబ్బ లేస్తుంది. గుంజ లేస్తుంది. చూశాను. పొద్దు పొడిచేటప్పుడు ఇక్కడ నిలబడి చూశాను, అన్నాడు. టాంగెన్ ఒకసారి అతన్ని, ఒకసారి కిటికీని చూసి, ఏమీ వినబడక, గొలుసు చుట్టుకోవడం మొదలుపెట్టాడు. సరే, అన్నాను. నేను కూడా అలాగే అన్నాను, ఊపిరి లేకుండా.

వాళ్ళు లోపలికి వచ్చారు, బూట్ల మంచు దులుపుకుంటూ, ఇంత ఇంట్లో అంతమంది. కొందరు బల్ల దగ్గర, కొందరు గోడకు ఆనుకుని, ఒకతను తొట్టి పక్కన నేల మీద. జేబెజ్ తలుపు తాడు విప్పుతున్నాడు, రెండు ముడులు, వేళ్ళు పట్టడం లేదు. టాంగెన్ గిన్నె చాపాడు. పోశాను.

"రేపు వాతావరణం ఎలా ఉంటుందంటారు?" అని అడిగాను.

"గాలి పడిపోయింది, ఆకాశం చూస్తే తేటగా ఉంది. చలి పగలగొట్టేస్తుందమ్మా, పశువుల చెవులు రాలతాయి," అన్నాడు టాంగెన్, చెడు కబురు చెప్పే గొంతుతో.

ఆ మాటకు అతనికి ఇంకో గరిటె పోశాను.